ఆదెయ్య కుప్ప

తిప్పపాళెంలో చేపలు పంచేటప్పుడు ఎవరూ మాట్లాడరు. పడవను ఒడ్డుకు లాగి, వల దులిపి, పడ్డ చేపనంతా తడి ఇసుక మీద కుప్పలుగా పోస్తారు. పడవకొక కుప్ప, వలకొక కుప్ప, పడవెక్కిన మనిషి ఒక్కొక్కరికి ఒక్కో కుప్ప. పోసే చెయ్యి నరసయ్యది. పడవ ఆయనదే, ఊళ్ళో తగవులు తీర్చే పెద్దకాపూ ఆయనే. ఏ కుప్ప ఎవరిదో నోటితో చెప్పడు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆడవాళ్ళు బుట్టలతో వచ్చి ఎవరిది వాళ్ళు ఎత్తుకుంటారు. తినేంత ఉంచుకుని, తక్కింది అల్లూరుకు తీసుకుపోయి అమ్ముకుంటారు.

కార్తీకంలో తుఫాను వచ్చిపోయాక పడవలో ఒక మనిషి తగ్గాడు. కుప్ప మాత్రం తగ్గలేదు.

తగ్గిన మనిషి ఆదెయ్య. తుఫాను హెచ్చరిక అందేసరికి ఊళ్ళో పడవలన్నీ గట్టెక్కాయి గానీ, నరసయ్య వల సముద్రంలో ఉండిపోయింది. దాన్ని తెచ్చుకుందామని ఐదుగురు పోయారు. తిరిగొచ్చేటప్పుడు, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒక అల పడవను పక్కకు ఒరగదోసింది. నలుగురే వచ్చారు. ఆదెయ్య కోసం వానలోనే వెతికారు, వాన వెలిశాక వెతికారు, సర్కారు పంపిన వాళ్ళూ వెతికారు. శవం దొరకలేదు.

శవం దొరకని మనిషిని ఆ ఊళ్ళో పోయినాడనరు, రాలేదంటారు. వెనకటి తరంలో ఒకాయన ఇట్లాగే అలకు కొట్టుకుపోయి, వేరే దేశం పడవ వాళ్ళకు దొరికి, ఏడాది తిరిగాక గడ్డం పెంచుకుని ఇంటికొచ్చాడట. అప్పటికే దినం చేసేసి ఉంటే ఆయన ఏ మొహం పెట్టుకుని గడప దాటేవాడని ముసలివాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. అందుకని రాని మనిషి భార్య బొట్టు తియ్యదు. పడవలో అతని చోట ఇంకొకరు కూర్చోరు. అతని కుప్ప ఆగదు.

ఆదెయ్య కుప్పను పొద్దున్నే వాళ్ళమ్మ అంకాలమ్మ వచ్చి ఎత్తుకునేది. బడి వరండాలోంచి ఒడ్డు కనపడుతుంది. మొదట్లో ఏసుమణి టీచరు అది చూసి, ఊరి వాళ్ళు మంచివాళ్ళు, ఆ ఇంటి మీద జాలి చూపిస్తున్నారనుకుంది. ఒకరోజు ఆ మాటే నరసయ్యతో అంది.

"జాలేంది టీచరమ్మా," అన్నాడాయన, కొంచెం నొచ్చుకుని. "వాడి వాటా వాడిది. మనిషి రాలేదు, అంతే."

ఏసుమణిది బుచ్చిరెడ్డిపాలెం. భర్త ఆనందబాబు ఉద్యోగం అల్లూరులో కాబట్టి అక్కడ కాపురం. స్కూటీ మీద తిప్పపాళెం వచ్చి ఎనిమిదో తరగతి దాకా ఉన్న ఆ చిన్న బడిలో తెలుగు చెప్పి పోతుంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు షారన్ అంతకు ముందటి వానల్లో జ్వరం వచ్చి నెల్లూరు ఆస్పత్రిలో పోయింది. ఉంటే రాబోయే జూన్‌కు తొమ్మిదిలోకి వచ్చేది. ఆ రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒక మాట అనేసి పోయారు. దేవుని చిత్తమన్నారు, మంచిపిల్లల్ని ఆయన తొందరగా పిలుచుకుంటాడన్నారు. అప్పటినుంచి ఆమెకు మాటలంటే భయం పట్టుకుంది. తనకు నిజంగా తెలిసిందే చెప్పాలని, తెలియంది చెప్పకూడదని ఒక నియమం పెట్టుకుంది. ఆదెయ్య భార్య కామమ్మ దగ్గరికి పోయినప్పుడు కూడా ఆమె ఏమీ అనలేదు. గడపలో పక్కన కూర్చుని, కాసేపుండి, లేచి వచ్చింది. కామమ్మకు అది నచ్చింది. "మీరొస్తే బాగుంటుంది టీచరమ్మా. ఏం అడగరు," అంది.

కంపెనీ వాళ్ళు వచ్చింది ఆ తరవాతే.

చెన్నైలో పెద్ద కంపెనీ. ఏం తయారు చేస్తుందో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. కార్లకు వేసే నూనె అని కొందరు, టైర్లని కొందరు. ముందు బియ్యం, దుప్పట్లు పంచారు. తరవాత లారీలో రెయిన్ కోట్లు వచ్చాయి. తుఫాను ఇట్ట పోయింది, రెయిన్ కోట్లు అట్ట వచ్చినాయని మగవాళ్ళు ఎగతాళి చేశారు గానీ, మర్నాటినుంచి అందరూ అవి తొడుక్కునే వేటకు పోయారు. బడి పిల్లలకు సంచులు, నీళ్ళ సీసాలు ఇచ్చారు. బడి గోడకు సున్నం కొట్టించి, దాని మీద నవ్వే చేపల్ని, ఎగిరే రాకెట్‌ను వేయించి, కింద కంపెనీ పేరు రాయించారు.

ఇవన్నీ దగ్గరుండి చేయించినవాడు ఆండ్రూ. ముప్పై ఏళ్ళుంటాయి. తల్లిది సూళ్లూరుపేట కాబట్టి తెలుగు వచ్చు. మంచివాడు. ఫొటోలు తీసేటప్పుడు ముసలివాళ్ళను ఎండలో నిలబెట్టేవాడు కాదు. ఒకరోజు బడికొచ్చి, తుఫానులో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లల కోసం కంపెనీ కొత్త పథకం పెట్టిందని చెప్పాడు. నెల్లూరులో మంచి హాస్టల్ స్కూలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. చదువు, తిండి, బట్టలు అన్నీ వాళ్ళవే. తీరం పొడుగునా అలాంటి పిల్లల్ని చూస్తున్నామని, ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

ఏసుమణి ఎనిమిదో తరగతి నుంచి ధనలక్ష్మిని పిలిచింది. ఆదెయ్య కూతురు. చదువులో మరీ ముందుండే పిల్ల కాదు, వెనకా ఉండదు. తుఫాను దగ్గరనుంచి బెంచీ మీద తల పెట్టి నిద్రపోతుండేది. హాస్టల్ సంగతంతా ఆండ్రూ ఓపికగా చెప్పాడు. ఆ పిల్ల విని, ఒకటే అడిగింది.

"అక్కడికి సముద్రం వినపడుతుందా సార్?"

వినపడదమ్మా, ఊరు మధ్యలో ఉంటుంది, అన్నాడాయన, ఆ పిల్ల దానికి దిగులుపడుతుందేమోనని బుజ్జగిస్తున్నట్టు.

"అయితే నిద్ర పడుతుంది," అంది ధనలక్ష్మి.

ఆ మాట ఏసుమణి లోపలికి దిగిపోయింది. ఈ పిల్లను ఎట్లాగైనా ఇక్కణ్ణుంచి పంపించెయ్యాలని అప్పుడే అనుకుంది. అంత గట్టిగా ఏదైనా అనుకుని ఆమెకు చాలా కాలమైంది.

చిక్కు ఒక్కచోట వచ్చింది. తండ్రి పోయినట్టు తేలాలి. సర్కారు లెక్కన గల్లంతయిన మనిషి చనిపోయాడని తేలడానికి ఏళ్ళు పడుతుంది. కంపెనీ అంతదాకా ఆగలేదు, మార్చిలోపల పిల్లల ఎంపిక అయిపోవాలి. ఊరి పెద్దలు నలుగురిలో చెబితే చాలని ఆండ్రూ పైవాళ్ళను ఒప్పించాడు.

నరసయ్య ఒప్పుకోలేదు. దినం జరగకుండా ఆదెయ్య పోయాడని తన నోటితో ఎట్ట చెప్పేదన్నాడు. పిల్ల భవిష్యత్తు గురించి ఏసుమణి చెప్పిందంతా తలవంచుకుని విన్నాడు. "నాకు తెలవదా టీచరమ్మా. పోయింది నా వల కోసమే గదా," అన్నాడు చివరికి. "ఆ యమ్మి సరేనని దినం చేస్తే నేను చెప్తా. అయితే ఒకటి. దినం అయితే కుప్ప ఉండదు. పోయినోడికి వాటా పెడితే ఆ పడవ ఎవరూ ఎక్కరు. ఆ సంగతి గూడా చెప్పండి."

చెప్పింది. దాచలేదు. బుట్టెడు చేపలు ఒకపక్క, నాలుగేళ్ళ చదువు ఒకపక్క పెట్టి చూస్తే ఎవరికైనా ఏది బరువో తెలుస్తుందనుకుంది.

కామమ్మ గడపలో కూర్చుని వింటోంది. నుదుట బొట్టు ఉంది. లోపల చేపలు తోముతున్న అంకాలమ్మ బయటికి రాకుండానే, మా వాణ్ణి చంపను మద్రాసు నుంచి మనిషొచ్చినాడా అంది. ఏసుమణి కామమ్మతో, అన్నాళ్ళూ ఎవరితోనూ అనని సంగతి అంది.

"నాకొక సమాధి ఉంది కామమ్మా. ఆదివారం పోయి దాని పక్కన కూర్చుంటా. నా బిడ్డ లేదని నాకు తెలుసు. తెలిస్తే చచ్చిపోతాననుకున్నా, చచ్చిపోలేదు. తెలియకుండా ఉండటమే కష్టం."

కామమ్మ చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీసింది.

"మీరు చూసినారు టీచరమ్మా. చేత్తో తాకినారు. నేనేం చూసినా?"

ఆ రోజు అంతటితో ఏసుమణి వచ్చేసింది. రాత్రి అన్నం తినేటప్పుడు ఆనందబాబుకు చెప్పింది. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. అంతా విని, ఇదంతా ఆ పిల్ల కోసమేనా అని అడిగాడు. ఆమె పళ్ళేలు తీసుకుని లోపలికి పోయింది.

సంక్రాంతి సెలవులైపోయి బడి తెరిచిన వారంలో కామమ్మే బడికి వచ్చింది. తరగతిలోకి రాకుండా నవ్వే చేపల గోడ పక్కన నిలబడింది. ఏసుమణి బయటికొచ్చింది. కూతురు రాత్రిళ్ళు లేచి కూర్చుంటోందని, అల పెద్దదైతే చెవులు మూసుకుంటోందని కామమ్మ చెప్పింది. తను అడిగితే హాస్టల్‌కు పోనంటుందట, నిద్రలో మాత్రం నెల్లూరు నెల్లూరని కలవరిస్తుందట. తరవాత చీర కొంగు చేతికి చుట్టుకుంటూ అడిగింది.

"కంపెనీ వాళ్ళు మాట తప్పరు గదా?"

ఏసుమణికి తెలియదు. ఆండ్రూ మంచివాడని తెలుసు, అంతవరకే తెలుసు. కంపెనీని ఆమె ఎన్నడూ చూడలేదు. తెలియదని చెబితే కామమ్మ వెనక్కి తిరిగి ఇంటికి పోతుందని కూడా తెలుసు. తలుపు సందులోంచి ధనలక్ష్మి చూస్తోంది.

"తప్పరు," అంది.

దినం ఒడ్డునే జరిగింది. మగవాళ్ళు ఎండుగడ్డితో మనిషిని చేసి, ఆదెయ్య అల్లూరుకు పోయేటప్పుడు వేసుకునే నీలం చొక్కా తొడిగి, ఇసుక తిప్ప మీద కాల్చారు. ఆడవాళ్ళు కామమ్మను నీళ్ళ అంచుకు తీసుకుపోయి చుట్టూ నిలబడ్డారు. గాజులు పగిలిన చప్పుడు అలల మీదుగా కూడా వినపడింది. తాళి పాలగిన్నెలో వేశారు. ఏసుమణి దూరంగా నిలబడింది. ప్రార్థన చేద్దామనుకుంది గానీ ఏం అడగాలో తెలియలేదు. అంకాలమ్మ ఒడ్డుకే రాలేదు. ఇంట్లో కూర్చుని, పొద్దున ఎత్తుకొచ్చిన చేపలు తోముకుంటూ ఉంది. ఆమెకు ఆ కుప్ప చివరిదని ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండా నరసయ్య పడవలో ఆదెయ్య చోట చిన్నబాబు అనే కుర్రవాడు ఎక్కాడు. అంకాలమ్మ బుట్ట తీసుకుని బయలుదేరినప్పుడల్లా కామమ్మ ఆమెను గడపలోనే ఆపి కూర్చోబెట్టేది.

ఫిబ్రవరి ఆఖరున కంపెనీ వాళ్ళు బడి ముందు షామియానా వేశారు. చెన్నై నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. నరసయ్య మైకు ముందు నిలబడి, మా ఆదెయ్య తుఫానులో చనిపోయినాడు, అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయాడు. కామమ్మను, ధనలక్ష్మిని వేదిక మీదికి పిలిచారు. బొట్టులేని నుదురుతో కామమ్మ కెమెరా వైపు చూడమన్నప్పుడు చూసింది. ఒకావిడ ధనలక్ష్మి భుజం మీద చెయ్యి వేసి ఇంగ్లీషులో ఏదో చెప్పి కళ్ళు తుడుచుకుంది. నిజంగానే తుడుచుకుంది. జూన్‌లో సీటు అని ఆండ్రూ ఏసుమణితో చెప్పి, కొలతల కోసం ఒక కుట్టుమిషనాయన వస్తాడన్నాడు. ఆయన వచ్చాడు కూడా. లంగా ఎంత పొడుగుండాలని అడిగితే ధనలక్ష్మి, పెరుగుతాను గదా కొంచెం ఎక్కువ పెట్టమంది. తుఫాను తరవాత ఆ పిల్ల నవ్వింది అప్పుడే.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైంది. గుడ్లు పెట్టే కాలంలో సముద్రం మీదికి ఎవరూ పోకూడదు. ఒడ్డున ఎవరికీ కుప్ప లేదు కాబట్టి, కామమ్మ ఇంటికి లేకపోవడం వేరుగా కనపడలేదు.

మే నెల చివర్లో ఏసుమణి తనే ఆండ్రూకు ఫోన్ చేసింది. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, మేడం అని, ఆగాడు.

కంపెనీలో కొత్త సంవత్సరానికి విధానం మారిందని చెప్పాడు. పిల్లల చదువు నుంచి పర్యావరణానికి మార్చారు. తీరం వెంట మడ మొక్కలు నాటిస్తారు. మార్చిలోపల స్కూల్లో చేరిపోయిన పిల్లలుంటే కొనసాగించేవాళ్ళు, చేరడం జూన్‌లో కాబట్టి ఎవరూ చేరలేదు. తీరం పొడుగునా వేదికలెక్కిన పిల్లలందరి సంగతీ ఇంతే. తను పైవాళ్ళకు చెప్పి చూశాడు. తను కూడా ఈ నెలాఖరుకు మానేస్తున్నాడు.

"ఆ అమ్మకు నేనొచ్చి చెప్పనా మేడం?" అన్నాడు.

వద్దు, నేను చెబుతానంది ఏసుమణి.

ఆమె పోయేసరికి కామమ్మ గడపలో పాత వల ముడులు విప్పుతోంది. ఏసుమణి కూర్చోకుండా నిలబడే చెప్పింది. విధానం, పర్యావరణం అనే మాటలు వాడలేదు. సీటు లేదంది, ఆ డబ్బుతో తీరం వెంట మొక్కలు నాటిస్తారంది. కంపెనీ వాళ్ళు మాట తప్పారంది. కామమ్మ చెయ్యి ముడి మీదే ఆగింది. ఏడవలేదు, తిట్టలేదు. మొక్కలు నాటే పనికి కూలి ఇస్తారా అని అడిగింది. అది కూడా ఏసుమణికి తెలియదు. ఈసారి తెలియదనే చెప్పింది.

తరవాత, ఆనందబాబుతో ముందే మాట్లాడుకున్న సంగతి బయటపెట్టింది. నెల్లూరు హాస్టల్ తమవల్ల కాదు. ధనలక్ష్మి అల్లూరులో తమ ఇంట్లో ఉండి అక్కడి హైస్కూల్లో చదువుకోవచ్చు. గది ఉంది, మంచం ఉంది. అల్లూరుకు కూడా సముద్రం వినపడదు.

కామమ్మ తలెత్తి చూసింది. గొంతులో కోపం లేదు.

"మీ మాట మీద మొగుణ్ణిచ్చినా టీచరమ్మా. బిడ్డను గూడా ఇయ్యమంటారా?"

ఏసుమణి తన నియమాలన్నీ వెతుక్కుంది. చెప్పడానికి తనకు నిజంగా తెలిసింది ఒక్కటీ దొరకలేదు. ఇంట్లోంచి ధనలక్ష్మి బయటికి రాలేదు. లోపల ఉందని, వింటోందని, గోడకు చేరగిలబడిన నీడ చెబుతోంది.

జూన్‌లో బడి తెరిచారు. ఆ వారంలోనే రొయ్యల షెడ్డు వాళ్ళ వ్యాను తిప్పపాళెం రావడం మొదలైంది. రొయ్యలు ఒలిచే పనికి ఆడవాళ్ళను ఎక్కించుకుపోయి సాయంత్రం దించుతుంది. కామమ్మ ఎక్కింది, ధనలక్ష్మీ ఎక్కింది. వయసు అడిగితే పద్ధెనిమిది అని చెప్పమన్నారట. మధ్యాహ్నం అన్నం గిన్నె కంపెనీ ఇచ్చిన సంచిలో పెట్టుకుంది. వ్యాను బడి ముందునుంచే పోతుంది. మొదటిరోజు ఏసుమణి చెయ్యెత్తి ఆపబోయింది. ధనలక్ష్మి అద్దంలోంచి చూసి నమస్కారం టీచర్ అన్నట్టు చేతులు జోడించింది. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక ఏసుమణి కూడా నమస్కారం పెట్టింది.

ఆ సాయంత్రం నరసయ్య దగ్గరికి పోయి, ఆ కుప్ప మళ్ళీ పెట్టే దారి లేదా అని అడిగింది. లేదన్నాడు. అడిగినదానికి కోపం కూడా తెచ్చుకోలేదు.

"ఊరికే ఇస్తామన్నాం టీచరమ్మా, ఇయ్యకుండా పోతామా. ఆ యమ్మే తీసుకోదు. ఇన్నాళ్ళు మొగుడి సంపాదన తిన్నా, ఇప్పుడు పెట్టింది తినాల్నా అంటది."

వేట మళ్ళీ మొదలైన పొద్దున ఏసుమణి తొందరగా వచ్చి వరండాలో నిలబడింది. నరసయ్య పడవ ఒడ్డుకు చేరింది. వల దులిపారు. నిషేధం తరవాత మొదటి వేట కాబట్టి చేప బాగా పడింది. నరసయ్య వంగి కుప్పలు పోశాడు. పడవకు, వలకు, ఐదుగురు మనుషులకు. ఎవరూ మాట్లాడలేదు.

అంకాలమ్మ బుట్టతో వచ్చింది.

నిషేధం కాలమంతా ఆమె దీనికోసమే ఎదురుచూసినట్టుంది. ఎవరినీ చూడకుండా నేరుగా పోయి, ఎప్పుడూ ఆదెయ్య కుప్ప ఉండే చోట, చివరి దాని ముందు కూర్చుంది. అది చిన్నబాబుది. చిన్నబాబు నరసయ్య వైపు చూశాడు. నరసయ్య సముద్రం వైపు తిరిగాడు. చిన్నబాబు తల్లి బుట్ట పట్టుకుని రెండడుగుల దూరంలో ఆగిపోయింది. ముసలామె ఒక్కొక్క చేపా తీసి, ఇసుక దులిపి, బుట్టలో వేసుకుంటోంది. అయ్యో వద్దు అనే మాట చాలు, ఎవరైనా అనొచ్చు.

రోడ్డు మీద షెడ్డు వ్యాను హారన్ కొట్టింది. దాని దగ్గరనుంచి కామమ్మ పరుగెత్తుకుంటూ ఇసుకలోకి వచ్చింది. అత్త చేతిలోంచి బుట్ట మెల్లగా తీసుకుని, చేపలన్నీ మళ్ళీ ఇసుక మీద పోసింది. ఒక చిన్న చేప బుట్ట అల్లికలో ఇరుక్కుంది. రెండు వేళ్ళతో పీకి, దాన్ని కూడా చిన్నబాబు కుప్ప మీద పెట్టింది. అంకాలమ్మను లేవదీసి, చీరకంటిన ఇసుక దులిపి, చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిపించుకుపోయింది.

వ్యాను ఇంకోసారి హారన్ కొట్టింది. చిన్నబాబు తల్లి వంగి తమ కుప్ప ఎత్తుకుంది.